జీతం అడిగే ముందు బడ్జెట్ అడగండి

ప్రశ్న: నా వయసు 28. డిగ్రీ అయ్యాక ఇంటి సామాన్లు అమ్మే ఒక చైన్ స్టోర్‌లో సేల్స్‌లో చేరాను. ఐదేళ్లయింది. ఇప్పుడు దుప్పట్లు, టవల్స్, కర్టెన్ల సెక్షన్‌కి సూపర్‌వైజర్‌ని. స్టోర్లలో అమ్మే సరుకుని కంపెనీ తరఫున ఎంచి కొనేవాళ్లని బయర్లంటారు. హెడ్ ఆఫీసులో అసిస్టెంట్ బయర్ పోస్టు పడితే అప్లై చేశాను, సెలెక్ట్ అయ్యాను. తీరా చూస్తే బేసిక్ జీతం దాదాపు ఇప్పటిదే. ఓవర్‌టైమ్, నెలనెలా వచ్చే ఇన్సెంటివ్ పోతాయి. చేతికొచ్చేది పదో వంతుకి పైగా తగ్గుతుంది. ఉన్న కుర్చీ వదులుకోవద్దని ఇంట్లో అంటున్నారు. ఇంకో ఐదేళ్లలో ఆర్డర్లన్నీ సాఫ్ట్‌వేరే పెట్టేస్తుందని, బయర్లతో పనుండదని తోటి ఉద్యోగి ఒకరు భయపెట్టారు. రెండు వారాల్లో జవాబు చెప్పాలి. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు. బయర్లకి నిజంగా జీతాలు పెరుగుతాయా? ముందు ముందు ఈ పనికి గిరాకీ ఉంటుందా?
— ఒక పాఠకురాలు

జవాబు: చేరమనే చెబుతాను. కాకపోతే కొన్ని విషయాలు అడిగి, వాటికి సూటిగా జవాబులు విన్నాక చేరండి. ఆ జవాబులు సరిగ్గా లేకపోతే వద్దని కూడా ఇక్కడే చెబుతాను. నేను 19 ఏళ్లు బయింగ్‌లో పనిచేశాను. మొదటి రెండేళ్లు మీలాగే, అంతకుముందు కంటే తక్కువ డబ్బుతో ఇల్లు గడిపాను.

అసిస్టెంట్ బయర్ జీతం ఎందుకు తక్కువుంటుందో ముందు చెప్పాలి. ఆ కుర్చీలో కూర్చున్న మనిషి చేసే పని పైకి గుమాస్తా పనిలాగే కనిపిస్తుంది. పర్చేజ్ ఆర్డర్లు ఎక్కించడం, శాంపిల్స్‌కి ట్యాగులు కట్టడం, సరుకు ఎప్పుడు బయలుదేరుతుందని సప్లయర్ వెంట పడటం, ధరలు మారినప్పుడు సిస్టమ్‌లో మార్చడం. నిర్ణయం మాత్రం పక్క కుర్చీలో ఉన్న బయర్‌ది. కంపెనీలు నిర్ణయానికి డబ్బిస్తాయి గానీ ఎక్కించే పనికి పెద్దగా ఇవ్వవు. ఏ సరుకు, ఎన్ని, ఎంతకి, ఎప్పటికి అన్న నాలుగింటి మీద మీ సంతకం చెల్లుబాటు అయిన రోజున మీ జీతం ఒక్కసారిగా మెట్టు ఎక్కుతుంది. అసిస్టెంట్ నుంచి బయర్ కావడమే ఈ ఉద్యోగంలో అసలు మెట్టు. ఆ తర్వాత సీనియర్ బయర్, కేటగిరీ మేనేజర్, బయింగ్ హెడ్ అని పేర్లు మారుతూ పోతాయి. కానీ పేరుని బట్టి కాదు, చేతిలో ఎంత సొమ్ము పెట్టారన్న దాన్ని బట్టే జీతం నడుస్తుంది. చిన్న కంపెనీలో ‘సీనియర్’ అనిపించుకున్న బయర్ కంటే పెద్ద చైన్‌లో ఒక మోస్తరు కేటగిరీ, అంటే ఒక రకం సరుకు, చూసే మామూలు బయర్‌కి ఎక్కువ రావడానికి కారణం ఇదే.

అందుకని మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న జీతం గురించి కాదు. నేను చేరబోయే కేటగిరీకి ఏడాదికి కొనుగోలు బడ్జెట్ ఎంత, అందులో ఎంత భాగం ఎప్పటికల్లా నా చేతికిస్తారు అని అడగండి. ఏడాది, ఏడాదిన్నరలో ఒక చిన్న ముక్కయినా, ఉదాహరణకి చేతి టవల్స్ మాత్రమే, పూర్తిగా మీకు వదిలేస్తామంటే అది మంచి ఆఫర్. ‘అప్పటికి చూద్దాం’ అంటే మళ్లీ అడగండి. మొహమాటపడకండి. ఇప్పుడు అడిగినంత తేలిగ్గా చేరాక అడగలేం.

ఆ బడ్జెట్‌ని ఈ ఫీల్డ్‌లో ఓపెన్ టు బై అంటారు. పేరు పెద్దదే గానీ లెక్క ఇంటి ఖర్చుల లెక్కలాంటిదే. ఈ సీజన్‌లో 40 లక్షల అమ్మకాలు అనుకున్నాం. డిస్కౌంట్ల కింద 3 లక్షలు పోవచ్చు. సీజన్ చివర షెల్ఫుల్లో, గోడౌన్‌లో కలిపి 50 లక్షల సరుకు మిగలాలి. మొత్తం 93. ఇప్పటికే చేతిలో ఉన్న సరుకు 55, ఆర్డర్ పెట్టి ఇంకా రానిది 26. అంటే 81. తీసేస్తే కొత్తగా కొనడానికి మిగిలింది 12 లక్షలే. బయర్ ముందు రోజూ మూడు నాలుగు మంచి శాంపిల్స్ వచ్చి కూర్చుంటాయి, అన్నీ కొనాలనిపిస్తుంది. జేబులో ఉన్నది మాత్రం ఆ 12. ఈ లెక్క అసిస్టెంట్లకి చూపించరా, లేక మొదటి నెల నుంచీ మీచేత చేయిస్తారా? ఇది కూడా అడగండి. నాకైతే మొదటి ఏడాదంతా చూపించలేదు. ఆ ఏడాది వృథా అయిందనే ఇప్పటికీ బాధ.

ఇక రెండో ప్రశ్న బోనస్. చాలా చోట్ల బయర్ సంపాదనలో బోనస్ చిన్న భాగమేమీ కాదు. అది దేని మీద కడతారో తెలుసుకోండి, ఎందుకంటే మార్జిన్ అనే ఒకే మాటకి రెండు అర్థాలున్నాయి. ఒక వస్తువుని 100కి కొని 160కి అమ్మితే 60 శాతం లాభం అనుకుంటాం. అది కొన్న ధర మీద. రిటైల్‌లో లెక్క అమ్మిన ధర మీద, అంటే 160లో 60, 37.5 శాతం. ఇప్పుడు అలాంటివి 1,000 కొన్నారనుకోండి. 600 మాత్రమే పూర్తి ధరకి పోయాయి. 250 సీజన్ మధ్యలో 120కి, ఆఖరి 150 చివర్లో 80కి పోయాయి. వచ్చింది 96,000, 30,000, 12,000. మొత్తం 1,38,000. పెట్టుబడి లక్ష. మార్జిన్ 27.5 శాతానికి దిగింది. కొన్న రోజు కాగితం మీద కనిపించిన 37.5కి, చివరికి చేతికొచ్చిన 27.5కి మధ్య ఉన్న ఆ పది పాయింట్లే బయర్ తెలివికి, తొందరపాటుకి కొలత.

కొన్న రోజు మార్జిన్ మీద బోనస్ ఇచ్చే కంపెనీలో బయర్లు చవకగా దొరికిందల్లా కుప్పలుగా కొంటారు, మిగిలిన సరుకు ఎవరి తలనొప్పో అవుతుంది. డిస్కౌంట్లు పోగా మిగిలిన దాని మీద, స్టాక్ ఎంత వేగంగా తిరిగింది, అంటే అమ్ముడై దాని చోటికి కొత్తది వచ్చింది, అన్న దాని మీద ఇచ్చే కంపెనీలో పని కష్టం, నేర్చుకునేది ఎక్కువ. మీకు రెండో రకం దొరకాలని కోరుకుంటున్నాను. స్టాక్ తిరగడం గురించి ఇంకొక్క మాట. మార్జిన్ పెద్దగా ఉన్నంత మాత్రాన అది మంచి కేటగిరీ అయిపోదు. సగటున లక్ష విలువైన స్టాక్ పెట్టుకుని, 20 శాతం మార్జిన్‌తోనే అయినా ఏడాదికి 12 లక్షలు అమ్మితే లాభం 2,40,000. అదే లక్ష స్టాక్‌తో, 45 శాతం మార్జిన్ పెట్టి ఏడాదికి రెండు లక్షలే అమ్మితే లాభం 90,000. పెట్టిన ప్రతి వందకి ఒకచోట 240, ఇంకోచోట 90. ఇంటర్వ్యూల్లో ఈ లెక్క నోటితో చెప్పగలిగిన అసిస్టెంట్లు నాకు చాలా తక్కువమంది తగిలారు. చెప్పినవాళ్లని వదులుకోలేదు.

నా మొదటి సొంత ఆర్డర్ గురించి చెబుతాను, మీకు పనికొస్తుంది. 2,400 చొక్కాలు, నాలుగు సైజులు. ఆలోచించకుండా సైజుకి 600 చొప్పున సమానంగా రాసేశాను. ఐదు వారాల్లో మీడియం, లార్జ్ ఖాళీ. ‘ఇంకా రావాలి’ అని స్టోర్ల నుంచి ఫోన్లు. గోడౌన్‌కి వెళ్లి అట్టపెట్టెలు విప్పి చూస్తే అన్నిట్లో స్మాల్. టిష్యూ కాగితం మడత కూడా నలగలేదు. పక్కనే స్టాక్ లెక్కపెడుతున్న సేల్స్ అమ్మాయి, ‘ఆ సైజు అడిగేవాళ్లు మా దగ్గర పదిమందిలో ఒకరు మేడమ్’ అంది. ఆర్డర్ రాసే ముందు ఆమెని అడగాలన్న ఆలోచనే నాకు రాలేదు. స్మాల్ సైజులు సగం ధరకి కూడా కష్టంగా వెళ్లాయి. ఆ సీజన్ నాకు బోనస్ రాలేదు, రాకపోవడం న్యాయమే. కానీ సిగ్గుతో కుంగిపోయింది మాత్రం ఆ అమ్మాయి మాటకి.

మీరు ఐదేళ్లుగా ఆ అమ్మాయి నిలబడిన చోటే ఉన్నారు. మీ దగ్గరున్నది ఎంత విలువైనదో మీ ఉత్తరంలో ఎక్కడా కనిపించలేదు, అందుకే నొక్కి చెబుతున్నాను. టవల్‌ని వేళ్ల మధ్య నలిపి చూసి పక్కన పెట్టేసిన మనిషిని మీరు వందలసార్లు చూసుంటారు. ఎందుకు పెట్టేసిందో హెడ్ ఆఫీసులో కంప్యూటర్‌కి తెలియదు. దానికి అమ్ముడుపోయినవే తెలుస్తాయి, చేతిలోకి తీసుకుని వదిలేసినవి తెలియవు.

ఆ టవల్‌తోనే ఇంకో విషయం. టవల్ మందాన్ని జీఎస్ఎమ్‌లో చెబుతారు, అంటే చదరపు మీటరుకి ఎన్ని గ్రాములు అని. 70 సెంటీమీటర్ల వెడల్పు, 140 పొడవు ఉన్న స్నానపు టవల్ విస్తీర్ణం 0.98 చదరపు మీటర్లు. 500 జీఎస్ఎమ్ అని ఒప్పుకుంటే టవల్ 490 గ్రాములు తూగాలి. శాంపిల్ అలాగే తూగుతుంది. మూడో షిప్‌మెంట్ నాటికి 441 తూగితే మీకు 450 జీఎస్ఎమ్ సరుకు వచ్చినట్టు. పదో వంతు నూలు తగ్గింది, ధర తగ్గలేదు. చేత్తో పట్టుకుంటే ఆ 49 గ్రాములు తెలియకపోవచ్చు, కొన్నవాళ్లకి నాలుగు ఉతుకుల్లో తెలుస్తుంది. వచ్చి మీ కౌంటర్ దగ్గర గొడవ పెట్టుకుంటారు. మా ఆఫీసులో నా బల్ల మీద ఎప్పుడూ చిన్న తూకం మిషన్ ఉండేది. మీరూ పెట్టుకోండి.

ఇప్పుడు మిమ్మల్ని భయపెట్టిన విషయానికి వస్తాను. మీ తోటి ఉద్యోగి అన్నదాంట్లో సగం నిజం. అయిపోయిన సరుకుని మళ్లీ తెప్పించడం, పాత అమ్మకాల్ని బట్టి ఎన్ని కావాలో అంచనా వేయడం, ఏ స్టోర్‌కి ఎన్ని పంపాలో తేల్చడం లాంటివి సాఫ్ట్‌వేర్ ఇప్పటికే మనకంటే బాగా చేస్తోంది. రోజూ ఒకే తీరున అమ్ముడయ్యే సబ్బులు, బల్బుల్లాంటి కేటగిరీల్లో మనిషి చెయ్యి పెట్టే అవసరం బాగా తగ్గింది. పైగా కంపెనీలు ఒకదాన్నొకటి కొనేసి కలిసిపోయినప్పుడల్లా రెండు బయింగ్ ఆఫీసుల బదులు ఒకటే మిగులుతుంది. బయర్ల కుర్చీలు తగ్గడానికి సాఫ్ట్‌వేర్ ఎంత కారణమో ఈ విలీనాలూ అంతే కారణం. ఈ విషయంలో మీకు తీపి కబురు చెప్పలేను.

కానీ మిగతా సగం కూడా చూడండి. 1974 జూన్ 26న అమెరికాలో ఒహాయో రాష్ట్రంలోని ట్రాయ్ అనే ఊళ్లో, ఒక సూపర్‌మార్కెట్ కౌంటర్ దగ్గర మొదటిసారి బార్‌కోడ్ స్కాన్ చేశారు. ఒక చూయింగ్ గమ్ ప్యాకెట్. అప్పటిదాకా ఏది ఎంత పోయిందో తెలియాలంటే షెల్ఫ్ ముందు నిలబడి లెక్కపెట్టాలి. స్కానర్లు వచ్చాక లెక్కపెట్టే పని తగ్గింది. ఆ లెక్కల్లో ఏముందో చదివి, వచ్చే సీజన్‌కి ఏం చేయాలో చెప్పగలిగే మనిషి విలువ పెరిగింది. ఇప్పుడు జరుగుతున్నదీ అదే దారి అని నా నమ్మకం. నిరుడు లేని సరుకుకి నిరుటి లెక్కలు ఉండవు. కొత్త రంగు, కొత్త రకం, కొత్త సప్లయర్, వీటిని ఎంచుకోవడానికి ఇంకా మనిషి కావాలి. ముఖ్యంగా చైన్లు సొంత బ్రాండ్ సరుకు పెంచుతున్న చోట బయర్ పని ఇంకా లోతుగా మారింది. కంపెనీ పేరుతో టవల్ తయారు చేయించాలంటే నూలు, రంగు, ప్యాకింగ్, ఫ్యాక్టరీ, ఓడ అన్నీ బయరే చూసుకోవాలి. మీ కేటగిరీలో సొంత బ్రాండ్ వాటా ఎంతో అడగండి. ఎక్కువ ఉంటే అది మీకు అదృష్టం.

ఆన్‌లైన్ కంపెనీల్లో కూడా అవకాశాలున్నాయి గానీ అక్కడ ‘కేటగిరీ మేనేజర్’ అన్న పేరు చూసి తొందరపడొద్దు. చాలాచోట్ల ఆ మనిషి సరుకు కొనరు, అమ్మేవాళ్లని తెచ్చి సైట్‌లో చేర్చుతారు. అది వేరే పని.

బయర్ పని కష్టం ఎక్కడ పెరిగిందో రెండు సంఘటనలు చెబితే తెలుస్తుంది. 2021 మార్చిలో ఎవర్ గివెన్ అనే ఓడ సూయజ్ కాలువకి అడ్డంగా ఇరుక్కుని ఆరు రోజులు దారి మూసుకుపోయింది. ఆ దారిలో సరుకు ఉన్న బయర్లు ఆ వారమంతా ఫోన్లు పట్టుకునే ఉన్నారు. సీజన్ సరుకు నెల ఆలస్యమైతే అది డిస్కౌంట్ సరుకే. ఒక్క దేశం, ఒక్క ఫ్యాక్టరీ, ఒక్క రేవు మీద ఆధారపడకుండా ఆర్డర్లు పంచగలిగిన బయర్లకి అప్పటి నుంచి గౌరవం పెరిగింది.

రెండోది నా మనసులోంచి పోనిది. 2013 ఏప్రిల్ 24న బంగ్లాదేశ్‌లో, ఢాకా దగ్గర సావర్‌లో రానా ప్లాజా అనే భవనం కూలి 1,134 మంది చనిపోయారు. అందులో బట్టల ఫ్యాక్టరీలుండేవి, విదేశీ బ్రాండ్లకి కుట్టేవి. అంతకుముందు రోజు గోడల్లో పగుళ్లు కనిపించాయి. అయినా మర్నాడు పనివాళ్లని లోపలికి రప్పించారు. నాకు అక్కడ ఆర్డర్లు లేవు. అయినా ఆ వారం నా ఆర్డర్ ఫైళ్లు తిరగేసి చూసుకున్నాను. ‘ఇంకో రెండు శాతం తగ్గించు, ఇంకో వారం ముందు పంపు’ అని నేను రాసిన మెయిల్స్ ఎన్నో ఉన్నాయి. ఆ రెండు శాతం ఎవరి దగ్గర్నుంచి వస్తుందో నేను ఎప్పుడూ అడగలేదు. ఇప్పుడు అడగక తప్పని రోజులొచ్చాయి. బ్రిటన్‌లో 2015లో ఆధునిక బానిసత్వ నిరోధక చట్టం వచ్చింది. జర్మనీలో సప్లై చెయిన్ చట్టం 2023 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఫ్యాక్టరీ ఆడిట్ రిపోర్టు చదివి అర్థం చేసుకోగలిగిన బయర్‌కి ఇవాళ మంచి గిరాకీ ఉంది. గిరాకీ లేకపోయినా నేర్చుకోవాల్సిన విషయమే.

సప్లయర్లతో నడవడిక గురించి కూడా ఇప్పుడే చెప్పాలి. కుర్చీలో కూర్చున్న నెల నుంచే బహుమతులు మొదలవుతాయి. మొదట డైరీ, తర్వాత డిన్నర్, ఆ తర్వాత ఇంకేదో. కంపెనీ రూలు ఏదైనా, మీ రూలు ‘ఏదీ వద్దు’ అని పెట్టుకోండి. వచ్చింది వచ్చినట్టు ఆ రోజే మీ పైవాళ్లకి మెయిల్‌లో రాయండి. నాతో పాటు చేరిన ఇద్దరి కెరీర్ ఇక్కడే ఆగిపోయింది, ఇద్దరూ నాకంటే తెలివైనవాళ్లు. అవతలి వైపు కూడా చూడాలి. బిల్లు ఆలస్యం చేయడం, చెప్పకుండా కోతలు పెట్టడం లాంటి పనులు మీ చేత చేయించొచ్చు. పెద్ద సూపర్‌మార్కెట్లు సప్లయర్లతో ఇలా ప్రవర్తించకుండా బ్రిటన్‌లో 2010 నుంచి ఒక నియమావళి (కోడ్) అమల్లో ఉంది. బయింగ్ స్టాఫ్‌కి దాని మీద ట్రైనింగ్ ఇవ్వడం తప్పనిసరి. న్యాయంగా ఉండే బయర్‌కి సరుకు కొరత వచ్చినప్పుడు సప్లయర్ ముందు ఫోన్ చేస్తాడు. ఇది నేను అనుభవించి చెబుతున్న మాట.

కోర్సుల గురించి మీరు అడగలేదు గానీ తర్వాతైనా ఆ ఆలోచన వస్తుంది. కొనుగోళ్ల రంగంలో సిప్స్, ఐఎస్ఎమ్ అని రెండు పాత సంస్థలున్నాయి, ఒకటి బ్రిటన్‌లో 1932లో, ఇంకోటి అమెరికాలో 1915లో మొదలయ్యాయి. వాటి సర్టిఫికెట్లు ఫ్యాక్టరీలు, ఆస్పత్రులు, ప్రభుత్వ సంస్థల కొనుగోలు విభాగాలకి మారాలంటే బాగా పనికొస్తాయి. రిటైల్ బయర్‌గా ఎదగాలంటే మాత్రం మీ కేటగిరీ అంకెలే మీ సర్టిఫికెట్. మొదటి రెండేళ్లు కోర్సు జోలికి వెళ్లకుండా స్ప్రెడ్‌షీట్ మీద చెయ్యి తిప్పుకోండి.

మూడేళ్ల తర్వాత ఎక్కడుండొచ్చు? బయర్ అయి ఉంటారు, లేదా అంకెల మీద ఇష్టం ఉంటే ఏది ఎన్ని కొనాలో లెక్కలు కట్టే ప్లానింగ్‌కి మారి ఉంటారు. కొందరు సప్లయర్ల వైపు వెళ్లి పెద్ద చైన్లకి సరుకు అమ్మే పని చూస్తారు, ఎందుకంటే బయర్ మనసులో ఏముంటుందో వాళ్లకి తెలుసు. అక్కడ జీతాలు తరచూ మనకంటే మెరుగు. నేను చూసినంతలో ఒకే కంపెనీలో ఉన్నవాళ్ల జీతం మెల్లగా పెరిగింది. బయర్ అయ్యాక ఒకటి రెండు సీజన్ల ఫలితాలు చేతిలో పెట్టుకుని కంపెనీ మారినవాళ్లది ఒక్క ఊపులో పెరిగింది.

ఇంట్లో మాట్లాడటానికి ఒక లెక్క వేసుకోండి. గత 12 నెలలు చేతికొచ్చిన మొత్తం కూడి పన్నెండుతో భాగించండి. ఇన్సెంటివ్ బాగా వచ్చిన నెలతో పోల్చుకుంటే తేడా ఉన్నదానికంటే పెద్దదిగా కనబడుతుంది. ఆ అసలు తేడాని ఏడాదిన్నర భరించగలరా అన్నదే చూడాలి. అప్పుల వాయిదాలు తప్పే పరిస్థితి ఉంటే, లేదా నేర్పే బయర్ ఎవరూ లేక ఖాళీ కుర్చీ పక్కన మిమ్మల్ని కూర్చోబెడుతుంటే, లేదా కేటగిరీ మొత్తం ఆటోమేటిక్ ఆర్డర్ల మీదే నడుస్తుంటే, ఈ ఒక్క ఆఫర్ వదిలేయండి. ఇంకోటి వస్తుంది. అవేవీ కాకపోతే 12 నెలలకి జీతం రివ్యూ చేస్తామని లెటర్‌లో రాయించుకుని చేరండి. నోటిమాట వద్దు.

హెచ్ఆర్‌ని కలవడానికి వెళ్లే ముందు రోజు సాయంత్రం మీ సెక్షన్‌లో కూర్చుని, పోయిన సీజన్‌లో బాగా పోయిన పది రకాలు, పోకుండా మిగిలిన పది రకాలు ఒక కాగితం మీద రాయండి. ప్రతిదాని పక్కన ఎందుకో ఒక్క వాక్యం, కస్టమర్లు మీతో అన్న మాటల్లోనే. ఆ కాగితం మీ కొత్త బయర్‌కి ఇవ్వండి. జీతం మాట ఆ తర్వాత ఎత్తండి.